దేవద్రవ్యానుమానాలు: ఆదివారం పూజ తర్వాత అడిగే అనుమానాలు

కడప జిల్లాలోని ఒక కతోలిక విచారణలో, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉన్న గుడి పరిధిలో, ఇరవై ఏళ్లకు పైగా జ్ఞానోపదేశం చెబుతున్నాను. పూజ ముగిసి, గుడి ముందు వేపచెట్టు కింద చెప్పులు వెతుక్కుంటూ జ్ఞానస్నానం, పెళ్లి వంటి సంస్కారాల గురించి నన్ను ఆపి అడిగే ప్రశ్నలు ఏటా అవే. అడిగే మనుషులే మారతారు. పోయిన ఏడాది అక్క అడిగినదాన్ని ఈ ఏడాది చెల్లెలు అడుగుతుంది. అందుకే రాసి పెట్టాను. ఎవరికి ఏది అవసరమో అక్కడి నుంచే చదువుకోవచ్చు. నేను గురువును (ఫాదర్‌ను) కాను, గురువుల దగ్గర నేర్చుకున్న బడిపంతులును. పెళ్లి, మినహాయింపు వంటి వ్యవహారాల్లో చివరి మాట మీ విచారణ గురువులది, పీఠాధిపతులది (బిషప్ గారిది).

## మొదటి అనుమానాలు

దేవద్రవ్యానుమానం అంటే ఏమిటి? దేవుడి విషయంలో అనుమానం ఏమిటి?

ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు. తర్కశాస్త్రంలో కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడాన్ని అనుమానం అంటారు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం దానికి పాత ఉదాహరణ. నీరు, నూనె, రొట్టె, ద్రాక్షరసం, తలపై ఉంచిన చెయ్యి, నోటి మాట ఇవన్నీ కనిపించే గుర్తులు. వాటి వెనుక ఉన్న దేవుని సొమ్ము, అంటే వరప్రసాదం, కంటికి కనిపించదు. ఒక్క తేడా మాత్రం మరవకూడదు. పొగ నిప్పును చూపిస్తుందే గానీ నిప్పును పుట్టించదు. దేవద్రవ్యానుమానం తాను చూపించేదాన్ని ఇస్తుంది కూడా. నీరు కడుగుతుందని చూపిస్తూనే నిజంగా కడుగుతుంది. దక్షిణాదిలో పాత మిషనరీలు సంస్కృతం కలిపి అల్లిన మాటల్లో ఇది ఒకటి, తమిళ కతోలికులకూ ఇదే మాట తెలుసు. ఇప్పటి పుస్తకాల్లో ‘దివ్య సంస్కారాలు’ అని రాస్తున్నారు. పలకడానికి అదే సులువు, కానీ పాత మాటలో ఉన్న లోతు నాకు అందులో కనిపించదు.

ఏడే ఎందుకు? ఆరో ఎనిమిదో ఎందుకు కాకూడదు?

జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో గట్టిపరచే తైలముద్ర), దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా తీసుకునే రొట్టె), పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం), అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూయడం), గురుపట్టం (గురువుగా అభిషేకం), జ్ఞానవివాహం (గుడిలో పెళ్లి). ఈ ఏడూ క్రీస్తు స్థాపించినవని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, విశ్వాసం. ఆచరణ మొదటి నుంచీ ఉంది, ఏడు అని లెక్క తేలడానికే కాలం పట్టింది. పన్నెండో శతాబ్దంలో ఆ లెక్క స్థిరపడింది. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ, 1547లో ట్రెంటు మహాసభ దాన్ని ఖాయం చేశాయి. ప్రొటెస్టంటు సంఘాల్లో ఎక్కువ భాగం బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండింటినే అంగీకరిస్తాయి. ఆర్థడాక్సు సంఘాలు మనలాగే ఏడు అంటాయి.

ఫాదర్ గారి నడవడి మంచిది కాకపోతే ఆయన చేసిన సంస్కారం చెల్లుతుందా?

చెల్లుతుంది. నాలుగో శతాబ్దంలోనే ఉత్తర ఆఫ్రికాలో దీని మీద పెద్ద చీలిక వచ్చింది. పునీత అగస్తీను వారు దానికి తేల్చి సమాధానం చెప్పారు: ఎవరి చేతులు నీళ్లు పోసినా జ్ఞానస్నానం ఇచ్చేది క్రీస్తే. మన భాషలో చెప్పాలంటే, కేసీ కాలువ గట్టు పగుళ్లు బారినంత మాత్రాన అందులో పారే తుంగభద్ర నీళ్లు వేరే నీళ్లు అయిపోవు. గురువు తన పాపానికి దేవుని ముందు లెక్క చెప్పుకోవాలి, అది వేరే సంగతి. తీసుకునేవాడి మనసు మాత్రం లెక్కలోకి వస్తుంది. బోర్లించిన బిందెలోకి నీళ్లు పట్టవు కదా.

కానుక ఎంత ఇవ్వాలి? డబ్బు లేకపోతే చేయరా?

సంస్కారానికి వెల లేదు. పీఠాధిపతులు నిర్ణయించిన కానుకకు మించి గురువు అడగకూడదని, పేదరికం వల్ల ఎవరికీ సంస్కారం దక్కకుండా పోకూడదని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం చెబుతుంది. డబ్బు లేదని గురువుతో నేరుగా చెప్పండి, సిగ్గుపడాల్సిన పని లేదు. పువ్వులు, బ్యాండు, మైకు సెట్టు, షామియానా ఖర్చులు మీవి, వాటికీ సంస్కారానికీ సంబంధం లేదు. వీడియో తీసే అబ్బాయికి అడిగినంత ఇచ్చి, గుడి కానుక దగ్గర బేరమాడేవాళ్లను చాలామందినే చూశాను.

## బిడ్డ పుట్టినప్పుడు

బిడ్డకు ఎన్నో నెలలో జ్ఞానస్నానం ఇప్పించాలి?

పుట్టిన మొదటి కొన్ని వారాల్లోనే. కాన్పు పుట్టింట్లో కాబట్టి అత్తగారింటికి వచ్చేదాకా ఆగుతామంటారు. గల్ఫులో ఉన్న తండ్రి సెలవు మీద రావాలంటారు. తర్వాత ఫంక్షన్ హాలు దొరకలేదంటారు. అలా బిడ్డ నడుచుకుంటూ జ్ఞానస్నానానికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. విందు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ముందు జ్ఞానస్నానం కానివ్వండి, మొదటి పుట్టినరోజుకు బిర్యానీ పెట్టండి.

పసిబిడ్డకు ఏం తెలుసని ఇస్తారు? పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు కదా?

పక్క వీధి ప్రార్థనా మందిరం నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. పెద్దయ్యాక ఏ భాష కావాలో అదే ఎంచుకుంటుందని బిడ్డతో తెలుగు మాట్లాడకుండా ఎవరూ ఉండరు. మనకు మేలని తెలిసినదాన్ని అడగకుండానే ఇస్తాం. జ్ఞానస్నానం మన అర్హతకు దక్కే బహుమానం కాదు, దేవుడు ముందుగా ఇచ్చే దానం. జన్మపాపం నుంచి విడుదల పసిబిడ్డకూ అవసరమేనని శ్రీసభ బోధ. అపోస్తలుల కార్యాల్లో ఇంటిల్లిపాదీ జ్ఞానస్నానం పొందిన సంఘటనలు ఉన్నాయి. అయితే తల్లిదండ్రులు బిడ్డను విశ్వాసంలో పెంచుతారన్న ఆశ కొంచెమైనా ఉండాలి. ఆ ఆశ బొత్తిగా లేకపోతే గురువు వాయిదా వేయవచ్చు.

జ్ఞానతండ్రిగా నా హిందూ స్నేహితుడిని పెట్టుకోవచ్చా?

కుదరదు. జ్ఞానతండ్రి గానీ జ్ఞానతల్లి గానీ పదహారేళ్లు నిండిన కతోలికులై, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం పొంది ఉండాలి. బిడ్డ సొంత తల్లిదండ్రులు ఆ స్థానంలో ఉండకూడదు. ఒక్కరు చాలు. ఇద్దరైతే ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. సీఎస్ఐ వంటి ప్రొటెస్టంటు సంఘాల్లో జ్ఞానస్నానం పొందినవారిని ఒక కతోలికుడి పక్కన సాక్షిగా నిలబెట్టవచ్చు. స్నేహితుడు ముందు వరసలో కూర్చుని బిడ్డను ఆశీర్వదించడానికి ఏ అడ్డూ లేదు. మన వాళ్లు జ్ఞానతండ్రిని బంగారు గొలుసు పెట్టే స్థోమతను బట్టి ఎంచుతారు. ఆ బిడ్డ పదిహేనేళ్ల వయసులో దారి తప్పితే అడిగే హక్కూ ఓపికా ఎవరికి ఉన్నాయో చూసి ఎంచుకోవాలి.

బిడ్డ ఐసీయూలో ఉంది, ఫాదర్ గారు రావడానికి ఆలస్యమవుతుంది. ఏం చేయాలి?

ప్రాణాపాయంలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. తల్లి, నర్సు, కతోలికులు కానివారు, అసలు క్రైస్తవులే కానివారు కూడా ఇవ్వవచ్చు. శ్రీసభ ఉద్దేశించినదే చేస్తున్నానన్న మనసు ఉంటే చాలు. తల మీద మామూలు నీళ్లు పోస్తూ, బిడ్డను పేరుతో పిలిచి, “పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను” అనాలి. నీళ్లు పోసేవారే ఆ మాటలు పలకాలి, ఒకరు పోస్తుంటే మరొకరు పలికితే కుదరదు. తర్వాత విచారణ గురువుకు చెప్పి రిజిస్టరులో రాయించండి. బిడ్డ కోలుకుంటే మళ్లీ నీళ్లు పోయరు. మిగిలిన ప్రార్థనలు గుడిలో పూర్తి చేస్తారు.

నేను వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాను. కతోలికుల్లోకి వస్తే మళ్లీ తీసుకోవాలా?

నీటితో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చినదైతే అది చెల్లుతుంది, మళ్లీ ఇవ్వరు. ముంచారా, తల మీద పోశారా అన్నది అడ్డం కాదు, రెండూ సరైనవే. కొన్ని స్వతంత్ర సంఘాల్లో యేసు నామమున అని మాత్రమే ఇస్తారు. దాన్ని శ్రీసభ అంగీకరించదు. ఏ మాటలతో ఇచ్చారో తేలకపోతే గురువు షరతుతో జ్ఞానస్నానం ఇస్తారు.

జ్ఞానస్నానం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

ఇది వేదశాస్త్రం ప్రశ్న కాదు, కడుపు ప్రశ్న. గొంతు తగ్గించి అడుగుతారు, నేను మాత్రం గట్టిగానే జవాబు చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీగా లెక్కిస్తారు. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. ఈ తేడా అన్యాయమని కతోలిక పీఠాధిపతులు దశాబ్దాలుగా అంటున్నారు. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన దీని మీద కమిషన్ వేసింది. రిజిస్టరులో రాయకుండా జ్ఞానస్నానం ఇవ్వమని గురువును బతిమాలకండి. రాయడం ఆయన విధి. విశ్వాసం ఒకటి, కాగితం ఒకటి అన్నట్టు బతకాల్సి రావడం ఎంత బరువో మా వీధుల్లో అందరికీ తెలుసు. ఆ బరువును తేలిక చేసే ఉపాయం నా దగ్గర లేదు.

బిడ్డకు బైబిల్ పేరే పెట్టాలా?

అక్కర్లేదు. క్రైస్తవ భావానికి విరుద్ధం కాని పేరు ఏదైనా చాలు. కరుణ, జ్యోతి, శాంతి, దయాకర్ అన్నీ సరే.

## బడికి వెళ్లే వయసులో

మొదటి సత్ప్రసాదం ఎన్నో ఏట?

బిడ్డకు మంచీ చెడూ తెలిసే వయసు వచ్చినప్పుడు. సుమారుగా ఏడేళ్లు. ఒకప్పుడు పన్నెండు, పద్నాలుగేళ్ల దాకా ఆపేవారు. 1910లో పదో పయస్ పోపు ఆ ఆలస్యం వద్దన్నారు. పెద్ద పెద్ద ప్రార్థనలు అప్పజెప్పడం కాదు ముఖ్యం. మామూలు రొట్టెకూ ఈ రొట్టెకూ తేడా బిడ్డకు తెలియాలి. దానికి ముందు పాపసంకీర్తనం ఉంటుంది.

మా హిందూ బంధువులు పెళ్లి పూజకు వచ్చారు. సత్ప్రసాదం అని పేరు పెట్టుకుని వాళ్లకెందుకు పెట్టలేదు?

ఈ ప్రశ్న కోపంగానే వస్తుంది, ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. మన నేల మీద ప్రసాదం వద్దనడం ఎవరికీ అలవాటు లేదు. దేవుని కడపలో గానీ, అహోబిలంలో గానీ, కదిరిలో గానీ చెయ్యి చాపినవాడి కులం, మతం అడగకుండా ప్రసాదం పెడతారు. ఇటువైపు పేరులోనే ప్రసాదం ఉంది, పైగా వరస కట్టి తీసుకుంటారు. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో వరుడి పెదనాన్న తలపాగా తీసి, రెండు చేతులూ దోసిలి పట్టి వరసలో వచ్చారు. ఎంత భక్తిగా వచ్చారో! ఫాదర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించి పంపారు. ఆయన బాధపడలేదు, ఆయన కొడుకులు బాధపడ్డారు.

తేడా ఇక్కడుంది. ప్రసాదం దేవునికి నివేదించి అందరికీ పంచేది. సత్ప్రసాదంలో నివేదించినదే క్రీస్తు శరీరంగా మారుతుందని కతోలికుల విశ్వాసం. గురువు “క్రీస్తు శరీరం” అంటే తీసుకునేవారు “ఆమెన్” అంటారు. అంటే, నేను దీన్ని నమ్ముతున్నాను, ఈ శ్రీసభలో భాగమై ఉన్నాను అని ఒప్పుకోవడం. నమ్మని మనిషి చేత ఆ మాట అనిపించడం ఆయన్ను గౌరవించడం కాదు. పెళ్లి భోజనానికి ఊరంతా వస్తుంది, తలంబ్రాలు పోసుకునేది ఇద్దరే. ఆ ఇద్దరు మిగిలినవాళ్లను అవమానించినట్టు కాదు. పక్కనున్న ప్రొటెస్టంటు బంధువులకు కూడా సాధారణంగా ఇదే వర్తిస్తుంది. కతోలికుడైనా పెద్ద పాపంలో ఉంటే పాపసంకీర్తనం చేయకుండా తీసుకోకూడదు. తలుపు మతం పేరు మీద మాత్రమే మూసి లేదు.

పెళ్లివారు ముందే చేయాల్సిన పని ఒకటుంది. శుభలేఖ ఇచ్చేటప్పుడే బంధువులకు ఒక మాట చెప్పండి. ఆశీర్వాదం కావాలంటే చేతులు గుండె మీద జోడించి వరసలో రావచ్చని గురువుతో ప్రకటింపజేయండి. పొరపాటున ఎవరైనా అప్పాన్ని (సత్ప్రసాదపు రొట్టెను) తీసుకుని ఇంటికి వెళ్లి దేవుడి గూట్లో పెడితే గొడవ చేయకుండా తెచ్చి గురువుకు ఇవ్వండి. మంగళవారం అంతోని వారి నవదిన ప్రార్థనల్లో పంచే రొట్టె మాత్రం సత్ప్రసాదం కాదు. అది ఎవరికైనా పెట్టవచ్చు.

పూజకు ముందు టీ తాగితే సత్ప్రసాదం తీసుకోకూడదా?

సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తీసుకోకూడదు. నీళ్లు, మందులు తీసుకోవచ్చు. ముసలివారికి, రోగులకు, వారిని చూసుకునేవారికి ఈ నియమం లేదు. అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండాలన్నది మీ నానమ్మ కాలం నాటి నియమం, 1964 నుంచి గంటే. షుగరు ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోయేదాకా ఉపవాసం ఉండటం భక్తి కాదు.

దేవుడికే నేరుగా చెప్పుకోవచ్చు కదా, పాపాలు ఫాదర్ గారికి ఎందుకు చెప్పాలి?

దేవుడికి నేరుగా చెప్పుకోవద్దని ఎవరూ అనలేదు. చెప్పుకోవాలి కూడా. కానీ యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయంలో, ఎవరి పాపాలు మీరు క్షమిస్తే అవి క్షమించబడతాయని ఉత్థాన క్రీస్తు శిష్యులకు అధికారం ఇచ్చారు. క్షమించాలంటే వినాలి కదా. మనసులో చెప్పుకున్నప్పుడు మనమే నేరస్థులం, మనమే వకీలు, మనమే జడ్జి. తీర్పు మనకు కావలసినట్టే వస్తుంది. నోటితో చెప్పడం కష్టం, ఆ కష్టంలోనే సగం వైద్యం ఉంది. పెద్ద పాపాలు ఉన్నవారు కనీసం ఏడాదికి ఒకసారి చెప్పాలి. ఫోనులో, వాట్సాపులో పాపసంకీర్తనం చెల్లదు.

ఫాదర్ గారు బయట ఎవరికైనా చెబితే?

చెప్పలేరు. మాటతో గానీ సైగతో గానీ బయటపెట్టకూడదు. పోలీసులు అడిగినా, కోర్టు అడిగినా, తన ప్రాణం మీదికి వచ్చినా అంతే. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే వెలికి గురవుతారు. మీరు చెప్పినది విని మీతో నడవడి మార్చుకోవడానికి కూడా వీల్లేదు.

మా రెండు ఇళ్ల మధ్య పగ ఉంది. వాళ్లతో మాట్లాడకుండా పాపసంకీర్తనం చేస్తే చెల్లుతుందా?

పగ అన్న మాట మిగతా చోట్ల కోపానికి మరో పేరు కావచ్చు. మన దగ్గర దానికి సమాధులు ఉన్నాయి. అందుకని జాగ్రత్తగా చెబుతాను.

క్షమించడం అంటే కేసు వెనక్కి తీసుకోవడం కాదు. న్యాయం కోర్టులో అడగవచ్చు, సాక్ష్యం చెప్పవచ్చు. మర్చిపోవడం కూడా కాదు, తండ్రి చావు ఎవరు మర్చిపోతారు? బదులు తీర్చుకోనని, నా పిల్లలకు ఆ పని అప్పజెప్పనని నిశ్చయించుకోవడం క్షమకు మొదటి మెట్టు. అది లేకుండా, ఒక చేత్తో కత్తి దాచుకుని మరో చేత్తో సిలువ గుర్తు వేసుకుంటే గురువు పలికే క్షమాపణ మాటలు ఆ మనిషిని తాకవు. ఎదురుపడి మాట్లాడే శక్తి ఇంకా రాలేదా? పరవాలేదు. వాళ్ల ఇంటి పేరు ఎత్తి ఒక పరలోక జపం చెప్పగలరేమో చూడండి. అది కూడా గొంతులో అడ్డం పడితే, ఆ మాటే గురువుకు చెప్పండి, దానితోనే మొదలుపెడతారు.

ఇంకో సంగతి. పక్క చేనుగట్టు జరిపి రెండు సాళ్లు కలుపుకున్నవాడు క్షమాపణ పొందాక గట్టును తిరిగి జరపాలి. దొంగిలించినదాన్ని దగ్గర పెట్టుకుని పశ్చాత్తాపం అంటే ఏ గురువూ ఒప్పుకోరు.

భద్రమైన అభ్యంగనం బిషప్ గారే ఎందుకు ఇవ్వాలి? అన్నేళ్లు ఎందుకు ఆగాలి?

జ్ఞానస్నానంలో మొదలైనదాన్ని పవిత్రాత్మ వరంతో గట్టిపరచే సంస్కారం ఇది. పీఠాధిపతులు అపోస్తలుల వారసులు కాబట్టి వారి చేతుల మీదుగా ఇవ్వడం వాడుక. అవసరమైతే గురువుకు అధికారం ఇస్తారు. పవిత్ర వారంలో ప్రధాన దేవాలయంలో పీఠాధిపతులు అభిషేకించిన పరిమళ తైలంతో నుదుట ముద్ర వేస్తారు. ఆగాల్సి రావడానికి దూరాలే కారణం. ఒక పీఠాధిపతి కింద ఉన్న ప్రాంతాన్ని మేత్రాసనం అంటారు. 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కర్నూలు, అనంతపురం రెండు పాత జిల్లాలనూ చూసుకోవాలి. 1976లో ఏర్పడిన కడప మేత్రాసనానికి చిత్తూరు కూడా ఉంది. బిషప్ గారు మీ విచారణకు వచ్చే ఏడాది ముందే పేరు రాయించండి. పెళ్లి కుదిరాక గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ.

## పెళ్లి దగ్గర

మేనమామ కూతురిని గుడిలో పెళ్లి చేసుకోవచ్చా? అక్క కూతురిని?

మినహాయింపు లేకుండా చేసుకుంటే రెండూ చెల్లవు. మన ఇళ్లలో వరసైనదే, శ్రీసభ లెక్క వేరు. లెక్క ఇలా వేస్తారు: ఆ ఇద్దరినీ, వారి మధ్య ఉన్న మనుషులనూ లెక్కపెట్టి, ఇద్దరికీ మూలమైన పెద్దను వదిలేయాలి. మీరు, మీ అమ్మ, మీ మామ, అతని కూతురు, అంటే నాలుగో అంతరం. మీరు, మీ అక్క, ఆమె కూతురు, అంటే మూడో అంతరం. నాలుగో అంతరం దాకా అడ్డంకి ఉంది. పీఠాధిపతులు ఈ రెండింటికీ మినహాయింపు ఇవ్వగలరు, అయితే అక్క కూతురి విషయంలో గట్టి కారణం చూపాలి, తేలిగ్గా దొరుకుతుందనుకోవద్దు. అన్నాచెల్లెళ్లకు ఎప్పటికీ లేదు.

విచిత్రం ఏమిటంటే, చిన్నాన్న కూతురు కూడా శ్రీసభ లెక్కలో నాలుగో అంతరమే. మన దృష్టిలో ఆమె చెల్లెలు, ఆ ఆలోచనే పాపం. మేనమామ కూతురేమో పుట్టినప్పుడే మరదలు. శ్రీసభకు రక్తం ఒక్కటే లెక్క, వరస కాదు. ఎప్పుడైనా ముహూర్తం పెట్టుకుని, కార్డులు పంచి, చివరి వారంలో చుట్టరికం చెప్పకండి. అసలే దాచిపెట్టకండి. దాచి చేసిన పెళ్లి పదేళ్ల తర్వాత కూడా చెల్లని పెళ్లే. కనీసం నాలుగైదు నెలల ముందే గురువుకు చెప్పండి. దగ్గరి రక్తసంబంధం గురించి డాక్టర్లు చెప్పే హెచ్చరికనూ అప్పుడే వినండి.

పెళ్లికి ఏ కాగితాలు కావాలి?

ఇటీవల తీసిన జ్ఞానస్నాన పత్రం, భద్రమైన అభ్యంగనం వివరం, వయసు ధ్రువీకరణ, పెళ్లి కాలేదని మీ విచారణ నుంచి లేఖ, పెళ్లికి ముందు శిక్షణ పొందిన పత్రం. పాత జ్ఞానస్నాన పత్రం ఎందుకు పనికిరాదంటే, ఎవరికైనా పెళ్లి జరిగితే ఆ సంగతి జ్ఞానస్నాన రిజిస్టరు అంచున రాస్తారు. కొత్త పత్రం తీస్తే అది బయటపడుతుంది. చట్టం ప్రకారం అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండాలి. పేర్లు గుడిలో ప్రకటిస్తారు. అభ్యంతరం తెలిసినవారు చెప్పడానికే ఆ ప్రకటన.

అమ్మాయి హిందువు. మతం మారకుండా గుడిలో పెళ్లి చేసుకోవచ్చా?

పీఠాధిపతుల మినహాయింపుతో చేసుకోవచ్చు. తన విశ్వాసం వదలనని, పిల్లలను కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం మాట ఇవ్వాలి. ఆ మాట గురించి అమ్మాయికి తెలియజేయాలి, ఆమె చేత ప్రమాణం చేయించరు. ఆ పెళ్లి చెల్లుతుంది గానీ దేవద్రవ్యానుమానం కాదు. ఇద్దరూ జ్ఞానస్నానం పొందినవారైతేనే అది సంస్కారం అవుతుంది. సీఎస్ఐ అమ్మాయితో పెళ్లి కూడా, అనుమతితో జరిగితే, నిండు సంస్కారమే. పెళ్లి కోసం మాత్రమే గబగబా జ్ఞానస్నానం ఇప్పించమని అడగకండి. అత్తవారి ఒత్తిడితో తీసుకున్న విశ్వాసం మొదటి కలహంలోనే బయటపడుతుంది.

తాళి కట్టవచ్చా? తలంబ్రాలు? ముహూర్తం?

తాళి కట్టవచ్చు, మన గుడుల్లో గురువు ఆశీర్వదించి ఇస్తారు. ఇది కొత్త గొడవ కాదు. పోపు ప్రతినిధిగా పాండిచ్చేరికి వచ్చిన టూర్నాన్ 1704లో వినాయకుడి బొమ్మ ఉన్న తాళిని క్రైస్తవులకు నిషేధించారు, సిలువ ఉన్నదాన్ని ఉంచుకోమన్నారు. ఆ రోజుల్లోనే ఫ్రెంచి జెస్విట్లు (యేసు సభ గురువులు) అనంతపురం వైపు కృష్ణాపురంలో, మదిగుబ్బలో కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగులో బోధించేవారు. ఏది ఆచారం, ఏది విశ్వాసం అన్న తగువు అప్పుడే మన గడపలోకి వచ్చింది. తలంబ్రాలు గుడి బయట మీ ఇష్టం. రాహుకాలం, దుర్ముహూర్తం చూసి పూజ వేళ మార్చమంటే మాత్రం గురువు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. అయినా పెళ్లిని జరిపించేది గురువు కాదు. సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ తరఫున ఆ మాట స్వీకరిస్తారు.

భర్తతో విడాకులయ్యాయి. నాకు ఇక సత్ప్రసాదం లేదంటున్నారు. నిజమా?

మళ్లీ పెళ్లి చేసుకోకపోతే నిజం కాదు. కోర్టు విడాకులు తీసుకున్నంత మాత్రాన ఎవరూ సత్ప్రసాదానికి దూరం కారు. ఈ ఒక్క అబద్ధం వల్ల ఎందరు ఆడవాళ్లు వెనుక బెంచీలో కూర్చుండిపోయారో! మొదటి పెళ్లి చెల్లుతుండగా మరో పెళ్లి చేసుకుంటే అప్పుడు అడ్డంకి వస్తుంది. బలవంతం, దాచిపెట్టిన పెద్ద విషయం, మాట ఇవ్వగల మానసిక స్థితి లేకపోవడం వంటివి ఉంటే, ఆ పెళ్లి మొదటి నుంచే చెల్లదని మేత్రాసన న్యాయస్థానం ప్రకటించవచ్చు. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆ పద్ధతిని సులభం చేశారు. అయితే ఆ ప్రకటన కోర్టు విడాకులకు బదులు కాదు. 2017లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది.

## గురుపట్టం

ఫెర్రర్ గారు ఫాదరే కదా, పెళ్లి ఎలా చేసుకున్నారు?

అనంతపురం నుంచి వచ్చే ప్రశ్న ఇది. అనంతపురంలో ఆర్‌డీటీ సేవాసంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ జెస్విట్‌గా 1952లో భారతదేశానికి వచ్చారు, 1969లో అనంతపురం చేరారు. 1970లో జెస్విట్ సభను వదిలాక పెళ్లి చేసుకున్నారు. 2009లో కన్నుమూసేదాకా పల్లెలు ఆయన్ను ఫాదర్ అనే పిలిచాయి. గురుపట్టం ఆత్మ మీద చెరగని ముద్ర అని శ్రీసభ బోధ. ఆ జీవితాన్ని వదిలి వెళ్లిన గురువు పూజ చేయకూడదు. కానీ చావుబతుకుల్లో ఉన్నవాడి పాపసంకీర్తనం వినే అధికారం అలాంటి గురువుకు కూడా ఉంటుంది. ప్రజల పిలుపుకు మాత్రం ధర్మశాస్త్రంతో పని లేదు, ప్రేమ చాలు.

కార్డినల్ అంటే బిషప్ కన్నా పెద్ద పట్టమా?

కాదు. గురుపట్టంలో మూడే మెట్లు: డీకన్, గురువు, పీఠాధిపతి. కార్డినల్ అన్నది పదవి. మన జిల్లాల వాడైన పూల ఆంథోనీ గారు 1992లో కడప మేత్రాసనానికి గురువు అయ్యారు, 2008లో కర్నూలుకు పీఠాధిపతి అయ్యారు. 2022లో కార్డినల్ అయిన మొదటి తెలుగువారు ఆయన. ఆ రోజు రోములో టోపీ పెట్టారే గానీ కొత్తగా అభిషేకం చేయలేదు.

సిస్టర్లు తీసుకునేది కూడా సంస్కారమేనా?

కాదు. అది మొక్కుబడి ప్రమాణం. సంస్కారం కాకపోయినంత మాత్రాన తక్కువ కాదు.

## జబ్బు, చావు

ఫాదర్ గారిని పిలిచి నూనె పూయిస్తే మనిషి పోతాడంటారు. నిజమా?

ఆఖరి ఊపిరి దాకా పిలవకుండా ఆపి, అప్పుడు పిలిస్తే పోక ఏమవుతాడు? ఆ పుకారు మనమే పుట్టించాం. అవస్థ అభ్యంగనం చావుకు ముద్ర కాదు, జబ్బుపడినవారికి బలం. గుండె ఆపరేషనుకు వెళ్లే ముందు, డయాలసిస్ మొదలైనప్పుడు, వయసు మీద పడి మంచం పట్టినప్పుడు ఇప్పించవచ్చు. జబ్బు ముదిరినా, మరో జబ్బు వచ్చినా మళ్లీ ఇప్పించవచ్చు. యాకోబు లేఖ ఐదో అధ్యాయంలో ఉన్నది ఇదే: మీలో రోగి ఉంటే పెద్దలను పిలిపించండి, వారు నూనె పూసి ప్రార్థిస్తారు. నుదుటి మీద, చేతుల మీద పూస్తారు. గురువు తప్ప మరెవరూ ఇవ్వలేరు, ఉపదేశి ప్రార్థన చేయవచ్చు గానీ ఈ సంస్కారం ఇవ్వలేరు. మనిషి మాట్లాడగలిగినప్పుడే పిలిస్తే పాపసంకీర్తనం, సత్ప్రసాదం కూడా అందుతాయి. మా అమ్మకు మూడుసార్లు ఇప్పించాం. మూడోసారి తర్వాత కూడా రెండేళ్లు బతికి, మమ్మల్ని తిడుతూనే ఉంది.

స్పృహ లేనివారికి ఇవ్వవచ్చా? ప్రాణం పోయాక?

స్పృహలో ఉంటే అడిగేవారే అనిపిస్తే, స్పృహ లేకపోయినా ఇవ్వవచ్చు. చనిపోయాక ఇవ్వరు, ఏ సంస్కారమైనా బతికున్నవారికే. ప్రాణం పోయిందో లేదో అనుమానంగా ఉంటే ఇస్తారు. చనిపోయినవారి కోసం చేసే పూజ, నవంబరు 2న సమాధుల దగ్గర చేసే ప్రార్థన సంస్కారాలు కావు, అవి వారి ఆత్మల కోసం మనం చేసే మనవి.

## చివరగా ఒకటి

తీర్థజలం, విభూది, జపమాల, ట్రాక్టరుకు ఆశీర్వాదం ఇవన్నీ దేవద్రవ్యానుమానాలేనా?

కావు. క్రీస్తు స్థాపించిన ఏడింటికీ ఇవి తోడుగా శ్రీసభ ఏర్పరచినవి. మన ప్రార్థనకు, విశ్వాసానికి ఊతమిస్తాయి గానీ వాటంతట అవి పనిచేసే మందులు కావు. విభూది బుధవారం నుదుట పెట్టుకున్నది మట్టల ఆదివారపు మట్టల బూడిద. అది నువ్వు మట్టివని గుర్తుచేస్తుంది, దిష్టి తీయదు. కొత్త ఇల్లు, కొత్త ఆటో, కొత్త బోరు అన్నిటి మీదా తీర్థజలం చల్లించుకోవచ్చు. అనంతపురం వైపు వెయ్యి అడుగులు తవ్వినా చుక్క పడకపోతే మాత్రం ఫాదర్ గారిని నిలదీయకండి. పాయింటు పెట్టినతను వేరే.